గోలీల లెక్క

మావారికి హెచ్‌ఐవీ ఉందని తెలిసిన రోజున నేను కౌన్సెలర్‌ను అడిగిన మొదటి ప్రశ్న ఆయన గురించి కాదు. నా గురించి, నా కొడుకు గురించి. ఈ సంగతి ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. హెచ్‌ఐవీతో బతుకుతున్న మనిషికి తోడుగా నిలిచిన భార్య గురించో భర్త గురించో ఎవరు చెప్పినా ఆ తోడును త్యాగమని పొగుడుతారు. నేను చేసినది మాత్రం పప్పు వండటం నేర్చుకున్నట్టు, మాడ్చుకుంటూ నేర్చుకున్న పని. అందులో నేను ఎక్కడెక్కడ పొరపడ్డానో ఉన్నదున్నట్టు రాస్తే, ఇదే దారిలో కొత్తగా అడుగుపెట్టిన వారికి పనికి వస్తుందేమోనన్న ఆశతో రాస్తున్నాను.

మాది వరంగల్‌లోని కొత్తవాడ, జంపఖానాలు నేసే వాడ. మా మామగారు ఆజంజాహి మిల్లులో పనిచేశారు. 1934లో మొదలైన ఆ మిల్లు 1990లలో మూతపడిన తర్వాత మా పద్మశాలీల ఇళ్ల నుంచి ఎందరో మగవాళ్లు భివండీకీ సూరత్‌కూ పవర్‌లూమ్‌ల మీద పనికి పోయారు. మావారు 2009లో, పెళ్లయిన ఆరేళ్లకు, బాబు నాలుగేళ్ల వాడై ఉండగా, భివండీ వెళ్లి మూడేళ్లు ఉండి వచ్చారు. నేను ఇక్కడే ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పుకుంటూ ఉండిపోయాను. ఆ మూడేళ్ల గురించి మేమిద్దరం తర్వాత చాలా మాట్లాడుకోవలసి వచ్చింది.

2018లో సద్దుల బతుకమ్మ నాటికే ఆయనకు సాయంత్రం పూట జ్వరం రావడం మొదలైంది. మమ్మల్ని చెరువు దాకా సాగనంపుదామని బయలుదేరిన మనిషి సగం దారిలో ఎవరి ఇంటి అరుగు మీదో కూలబడిపోయారు. వాడకట్టు ఆర్‌ఎంపీ డాక్టరు రెండు వారాలు సూదులు వేశాడు, దగ్గు మందు ఇచ్చాడు. 61 కిలోల మనిషి 47 కిలోలకు దిగిపోయాక గానీ తెమడ పరీక్ష చేయించాలన్న ఆలోచన మాకు రాలేదు. క్షయ అని తేలింది. క్షయ తేలిన వారందరికీ హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేయడం ప్రభుత్వ దవాఖానాల్లో పద్ధతి కాబట్టి, ఆయన అనుమతి తీసుకుని ఆ పరీక్ష కూడా చేశారు. మూడు వేర్వేరు కిట్లతో పరీక్షించి నిర్ధారించిన తర్వాతనే ఆయనకు చెప్పారని నాకు తర్వాత తెలిసింది.

నాకు మాత్రం అప్పుడే ఎవరూ చెప్పలేదు. భార్యకు మీరే చెప్పండి, ఒక్కరే చెప్పలేకపోతే ఇక్కడికి తీసుకురండి, నేను పక్కన ఉంటాను అని కౌన్సెలర్ ఆయనకు గడువు ఇచ్చిందట. ఆయన నాలుగు రోజులు తీసుకున్నారు. ఆ నాలుగు రోజులూ నా ముఖంలోకి చూడలేదు. నేను దాన్ని జ్వరపు నీరసం అనుకున్నాను. ఐదో రోజు నన్ను వెంటబెట్టుకుపోయి, ఆ చిన్న గదిలో కుర్చీ అంచున కూర్చుని, "నా రక్తంల అది ఉన్నదట" అన్నారు. పేరు చెప్పలేదు. కౌన్సెలర్ కూడా అందుకుని చెప్పలేదు. ఆయన నోట ఆ మూడు అక్షరాలూ వచ్చేదాకా బల్ల మీద కాగితాలు సర్దుతూ ఆగింది. ఆమె అలా ఆగడం ఎంత మంచి పనో నాకు ఆ తర్వాతి సంవత్సరాల్లో అర్థమైంది. ఆయన తన నోటితో చెప్పిన మాట కాబట్టే, "నా దగ్గర దాచావు" అనే నింద మా ఇంట్లో ఎన్నడూ పుట్టలేదు.

నా ప్రశ్నకు ఆమె ఓపికగానే జవాబు చెప్పింది. నా రక్తం తీసుకుంది. నాకు లేదు. అయితే కొత్తగా సోకి ఉంటే పరీక్షలో వెంటనే కనబడకపోవచ్చు కాబట్టి మూడు నెలలకు మళ్లీ రావాలన్నది. బాబు సంగతి అడిగితే, తల్లికి లేనప్పుడు బిడ్డకు పుట్టుకతో వచ్చే దారే లేదు, వాడికి ఈ పరీక్ష అక్కరలేదు, క్షయ కోసం మాత్రం ఎక్స్‌రే తీయిద్దాం అన్నది. ఆ మూడు నెలలు నేను బడిలో ఛందస్సు చెబుతూ గణాలు తప్పు విభజించిన రోజులు ఉన్నాయి.

ఎలా వచ్చిందని నేను మూడో రాత్రి అడిగాను. భివండీలో ఉన్నప్పుడు అని చెప్పారు, ఇంకొంత కూడా చెప్పారు. నేను క్షమించానని రాస్తే అది అబద్ధమవుతుంది. కోపం ఉండగానే పొద్దున్నే లేచి క్షయ మాత్రలు మూడు చేతిలో పెట్టేదాన్ని, కోపం ఉండగానే జావ కాచేదాన్ని. మనసు తేలికపడ్డాక సేవ మొదలుపెడదామని కూర్చుంటే ఆ మనిషి దక్కేవాడు కాడు. ఈ రెండూ ఒకే చేతిలో ఇముడుతాయని నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు, చెప్పి ఉంటే నన్ను నేను తక్కువగా తిట్టుకునేదాన్ని.

ఇక్కడే నా మొదటి తప్పు చెప్పాలి. దాదాపు నెల రోజులు ఆయన కంచం, గ్లాసు వేరుగా కడిగాను, వేరుగా పెట్టాను. చదువుకున్నదాన్ని, పిల్లలకు చెప్పేదాన్ని, కంచం వల్ల రాదని నాకు తెలుసు; తెలిసిన చేతులే ఆ కంచాన్ని పక్కకు జరిపాయి. అదే నెలలో చలికి ఓర్వలేక మేము ముగ్గురం కిటికీలు బిగించుకుని ఒకే గదిలో పడుకున్నాం. గాలిలో వచ్చే జబ్బుకు కిటికీ తెరవలేదు, కంచంలో రాని జబ్బుకు కంచం వేరు చేశాను. ఈ సంగతి కౌన్సెలర్ ముందు నేనే బయటపెడితే ఆమె నవ్వలేదు. గడ్డం గీసుకునే బ్లేడు, పళ్లు తోముకునే బ్రష్షు ఎవరివి వారికి ఉండాలి, అది హెచ్‌ఐవీ లేని ఇంట్లోనైనా అంతే, తక్కినదంతా కలిపేయండి అన్నది. ఆ సాయంత్రం కంచాలన్నీ ఒకే తొట్టిలో వేశాను. ఆయన అది చూశారు, ఏమీ అనలేదు, కానీ ఆ రోజు ఇంకో ముద్ద ఎక్కువ తిన్నారు.

చికిత్స మా ఊళ్లోనే, ఎంజీఎం దవాఖానాలోని ఏఆర్‌టీ కేంద్రంలో, అంటే హెచ్‌ఐవీని అదుపు చేసే మందులు ఇచ్చే చోట మొదలైంది. ఈ మందులను మన దేశంలో 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్నది; 2017 నుంచి, రోగనిరోధక శక్తి ఎంతుందో చూపే సీడీ4 కణాల సంఖ్య ఎంత ఉన్నా, హెచ్‌ఐవీ తేలిన వారందరికీ ఇస్తున్నది. ఆయన సీడీ4 సంఖ్య అప్పటికి 118. రోగనిరోధక శక్తి ఆ స్థాయికి పడిపోయిన మనిషికి ముందు క్షయ మందులు ఒక రెండు వారాలు ఇచ్చి, శరీరం వాటికి అలవాటు పడ్డాక ఏఆర్‌టీ మొదలుపెట్టారు. మొదలుపెట్టే ముందు ఇంటి నుంచి ఒకరు వెంట రావాలన్నారు. ఆ వచ్చిన మనిషి పేరు, ఫోన్ నంబరు రాసుకున్నారు. అలా నేను కాగితం మీద ఆయనకు తోడునయ్యాను. తెల్ల కార్డు వాళ్ల దగ్గర ఉంటుంది, గ్రీన్ బుక్ మన దగ్గర ఉంటుంది. నెల నెలా దాన్నీ, సీసాలో మిగిలిన మాత్రలనూ తీసుకుపోవాలి. వాళ్లు మిగిలినవి లెక్కపెట్టి, ఎన్ని వేసుకున్నారో శాతం కడతారు. 95 శాతం తగ్గకూడదు అన్నారు. అంటే 30 మాత్రల్లో ఒకటి తప్పితే ఎలాగో గట్టెక్కుతుంది, రెండు తప్పితే 93కు పడిపోతుంది. వైరస్ మందుకు లొంగకుండా మారిపోయే ప్రమాదం అక్కడే ఉంటుందని చెప్పారు. పరీక్ష పేపర్లు దిద్దే దాన్ని కాబట్టి ఆ లెక్క నా తలలో మేకు దిగినట్టు దిగింది.

అప్పట్లో ఇచ్చిన మాత్రలో ఎఫావిరెంజ్ ఉండేది. రాత్రి పడుకునే ముందు వేసుకోవాలి, నూనె పదార్థాలు తిన్న వెంటనే వేసుకోకూడదు. వేసుకున్న రెండు గంటలకు ఆయనకు తల తిరిగేది, తర్వాత కలలు మొదలయ్యేవి. నిద్రలో కుడిచేయి గాలిలోకి లేపి, తెగిన పోగు కోసం తడుముతున్నట్టు వేళ్లు కదిపేవారు. భివండీలో రాత్రి షిఫ్టు మగ్గం కలలోకి వస్తుందని చెప్పారు. మొదటి రెండు వారాలు నేను ఆయన చేయి పట్టుకుని ఆపేదాన్ని. దానితో ఉలిక్కిపడి లేచేవారు. ఆ తర్వాత ఆపడం మానేశాను. మగ్గం ఆడినంతసేపు ఆడి చేయి దానంతట అదే దిగేది. మూడో వారంలో మెడ మీద బిళ్ల కట్టి మళ్లీ జ్వరం వచ్చింది. మందు పనిచేయడం లేదని ఏడ్చుకుంటూ పోతే డాక్టరు పరీక్షించి, మందు పనిచేస్తున్నది కాబట్టే ఇలా అయింది, చచ్చుబడిన రోగనిరోధక శక్తి లేచి క్షయ మీద కొట్లాడుతున్నది, ఏ మందూ ఆపొద్దు అన్నారు. ఈ ఒక్క సంగతి తెలియక మాత్రలు మానేసి ప్రాణం మీదికి తెచ్చుకున్న వారి గురించి అక్కడి వరండాలోనే విన్నాను. కొత్తగా మందు మొదలుపెట్టిన ఇంట్లో మొదటి రెండు నెలలు ఎవరైనా దగ్గర ఉండి తీరాలి అనడానికి నాకు తెలిసిన అతి పెద్ద కారణం ఇదే.

ఇక లెక్క సంగతి. బీరువా తలుపు లోపలి వైపున నేనొక క్యాలెండరు అంటించి, ఆయన మాత్ర వేసుకున్న ప్రతి రాత్రికీ ఒక గీత పెట్టేదాన్ని. రాత్రి తొమ్మిది కాగానే "గోలి ఏసుకున్నరా?" అని అడిగేదాన్ని. వంటింట్లో ఉంటే అక్కడి నుంచే అడిగేదాన్ని, బాబు వింటాడని సగం మాటలోనే ఆపేసేదాన్ని. అది చాలదన్నట్టు తెల్లవారుజామున ఆయన స్నానానికి పోగానే సీసా తీసి, చీర కొంగు పరుచుకుని, ఒక్కొక్క మాత్రా లెక్కపెట్టేదాన్ని. 2019 మార్చిలో ఒక పొద్దున పదిహేడు ఉండవలసిన చోట పద్దెనిమిది వచ్చాయి. ముందటి రెండో రాత్రి జనగామలో చుట్టాల పెళ్లికి పోయి అక్కడే పడుకున్నారు. మాత్ర వేసుకున్నానని నాతో చెప్పారు. నేను కొంగులో పద్దెనిమిది మాత్రలూ అలాగే పట్టుకుని స్నానాల గది బయట నిలబడ్డాను.

ఆయన బయటికి వచ్చి చూశారు. కోప్పడతారనుకున్నాను. చాలా మెల్లగా, "నేనేమన్న నీ బడి పిల్లగాన్నా, లెక్క తప్పితే గోడకుర్చీ ఏయించెటందుకు?" అన్నారు. నేను ఆయన ప్రాణం కోసమే కదా అన్నాను. "ప్రాణం నాది గాదా?" అన్నారు. మూడు రోజులు మాటలు లేవు. ఆ మూడు రోజులూ మాత్ర వేసుకున్నారో లేదో కూడా నాకు తెలియదు. అడగడానికి ముఖం చెల్లలేదు.

నెల తేదీ వచ్చినప్పుడు ఇద్దరం కలిసే వెళ్లాం. కౌన్సెలర్‌తో నేను ఫిర్యాదు చేసినట్టే చెప్పాను. ఆమె నా వైపు తిరగకుండా ఆయనను అడిగింది, ఆ పెళ్లి ఇంట్లో ఏమైందని. అప్పుడు తెలిసింది. మగవాళ్లందరికీ ఒకే హాలులో వరసగా పడకలు వేశారట. సీసా సంచిలోంచి తీస్తే మాత్రలు గలగలమంటాయి, పక్కన పడుకున్న తమ్ముడి వరస వాడు ఏం మందు అని అడుగుతాడు, సీసా మీద పేరు చదువుతాడు. అందరూ నిద్రపోయాక వేసుకుందామని ఆగి, తానే నిద్రపోయారు. నాకు ఎందుకు అబద్ధం చెప్పారంటే, నేను అడిగే పద్ధతికి నిజం చెప్పాలనిపించలేదు అన్నారు. నాలుగు నెలలుగా నేను ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు గానీ, ఈ ప్రశ్న మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు: వేసుకోవడానికి నీకు ఎక్కడ ఇబ్బందిగా ఉంది అని.

దానికి పరిష్కారాలు చాలా చిన్నవి. ఊరికి పోయేటప్పుడు ఎన్ని రాత్రులో అన్ని మాత్రలు, ఒకటి అదనంగా, చిన్న కాగితం పొట్లంలో చొక్కా జేబులో పెట్టుకోవడం. తక్కినవి తేమ తగలకుండా సీసాలోనే ఉంచడం. సీసా మీది లేబులు తీసేయడం. ఇంట్లో అడగడం, చెప్పడం రెండూ మానేయడానికి ఉపాయం ఆయనే చెప్పారు: మాత్ర మింగిన తర్వాత తన స్టీలు గ్లాసును బిందె మూత మీద బోర్లించి పెడతారు. వెల్లకిలా ఉంటే వేసుకోనట్టు, బోర్లా ఉంటే వేసుకున్నట్టు. బాబుకు తెలియదు, ఇంటికి వచ్చినవాళ్లకు తెలియదు. నేను పడుకోబోతూ నీళ్లు తాగే నెపంతో వంటింట్లోకి పోయి చూసుకునేదాన్ని. వెల్లకిలా కనిపించిన రాత్రులు ఏడాదిలో రెండో మూడో ఉండి ఉంటాయి. అప్పుడు నేను గ్లాసు నిండా నీళ్లు తెచ్చి ఆయన పక్కన పెట్టి వచ్చేదాన్ని, అంతే. బీరువాలోని క్యాలెండరు తీసేశాను. సీసాలో లెక్క చూడటం మానడానికి ఇంకో రెండు నెలలు పట్టిందని కూడా నిజాయితీగా చెప్పాలి.

ఎవరికి చెప్పాలి అన్నది తర్వాతి చిక్కు. ఆ రహస్యం నాది కాదు, ఆయనది. అయినా దాన్ని మోసే బరువు నాకూ ఉంది. మా అక్క ఒక్కదానికి చెప్పుకుంటానని ఆయనను అడిగాను. వారం ఆలోచించి సరేనన్నారు. అడగకుండా చెప్పి ఉంటే ఆమె భుజం మీద ఏడ్చిన ఏడుపు నాకు తేలిక కాకపోను. అత్తమ్మకు క్షయ అని మాత్రమే చెప్పాం. ఆరు నెలలు ఆ మాట మమ్మల్ని కాపాడింది. ఆ మందుల కోర్సు పూర్తయ్యాక కూడా నెల నెలా దవాఖానాకు ఎందుకు పోతున్నారని చుట్టాలు అడగడం మొదలుపెడితే, తడుముకోకుండా షుగర్ అనేశాను. ఆ అబద్ధానికి మూల్యం ఆయన చెల్లించారు. మావారికి భక్ష్యాలంటే ప్రాణం. అప్పటి నుంచి ఏ పండుగకు ఎవరి ఇంటికి పోయినా ఆడబిడ్డలూ పెద్దమ్మలూ ఆయన విస్తట్లోంచి భక్ష్యం తీసేసి, "షుగరున్నోనికి పూర్ణం ఏంది?" అని నన్నే మందలించేవారు. ఆయన ఇంటికి వచ్చాక నన్ను చూసి, "బీపీ అంటే ఏమాయె?" అనేవారు. బీపీ అంటే పచ్చళ్లు పోయేవి.

ఊళ్లోనే దవాఖానా ఉండటం సుఖమని అందరూ అనుకుంటారు. బస్సు కిరాయి మిగిలే మాట నిజమే గానీ, ఆ వరండాలో వాడకట్టు మనిషి ఎదురుపడే భయం కూడా దగ్గరివాళ్లకే ఎక్కువ. కరీంనగర్ వైపు నుంచి ఇక్కడికి వచ్చి మందులు తీసుకునే ఒక జంట, ఇక్కడి నుంచి ఖమ్మం పోయి తెచ్చుకునే ఒకాయన మాకు తెలుసు. మేము మాత్రం ముఖానికి దస్తీ కట్టుకుని ఇక్కడికే పోయాం. ఒకసారి నిజంగానే మా వీధి చివరి ఇంటి ఆమె ఎదురుపడింది. నేను ఆమెను చూశాను, ఆమె నన్ను చూసింది, ఇద్దరి చేతుల్లోనూ గ్రీన్ బుక్కులే. అప్పటి నుంచి సంక్రాంతికి మా ఇంటికి సకినాలు వస్తాయి. ఆ సంగతి మాత్రం మేము ఇప్పటికీ మాట్లాడుకోలేదు.

2019 జులైలో వైరల్ లోడ్ పరీక్ష చేశారు. రక్తంలో వైరస్ ఎంత ఉందో లెక్కించే పరీక్ష అది. ఫలితం కాగితం మీద అంకె లేదు, పరీక్షకు దొరకనంత తక్కువగా ఉందని రాసి ఉంది. నేను ముందు భయపడ్డాను, పరీక్ష సరిగా జరగలేదేమోనని. అప్పుడు కౌన్సెలర్ మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి చెప్పిన మాటలు నేను ఇంటికి వచ్చి మరికొంత చదివి రూఢి చేసుకున్నాను. ఒకరికి ఉండి మరొకరికి లేని 1,763 జంటలను తొమ్మిది దేశాల్లో పరిశీలించారు. అందులో మన చెన్నై, పుణెల జంటలు కూడా ఉన్నాయి. వెంటనే మందు మొదలుపెట్టిన చోట భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గిందని 2011లో తేలింది. తర్వాత ఐరోపాలో జరిగిన మరో అధ్యయనం ఫలితాలు 2016లో వచ్చాయి. మందుతో వైరస్ అదుపులో ఉన్న వారి నుంచి కండోమ్ లేకుండా సుమారు 58,000 సార్లు కలిసినా భాగస్వామికి ఒక్కసారి కూడా సోకలేదు. పరీక్షకు దొరకనంతగా వైరస్ తగ్గి, అలాగే కొనసాగుతున్నంత కాలం కలయిక వల్ల భాగస్వామికి సోకదు అన్నది దాని సారాంశం. మాత్రలు మానేస్తే మాత్రం ఆ హామీ పోతుంది.

ఈ భాగం రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. మా మంచం మీద మా ఇద్దరి మధ్య ఎనిమిది నెలలుగా ఒక దిండు ఉండేది. అక్కడ పెట్టింది ఎవరో ఇద్దరికీ గుర్తు లేదు. దానికి కారణం నా భయమొక్కటే కాదు, నా కోపమూ, ఆయన సిగ్గూ కూడా. "నీకు అంటిస్తనేమో అన్న భయంతోని నేనే జరిగి పండుకున్న" అని ఆయన ఆ పరీక్ష వచ్చిన రాత్రి చెప్పేదాకా, ఆయన నన్ను వద్దనుకుంటున్నారని నేను అనుకుంటున్నాను. ఆ కాగితం వచ్చినా దిండు ఆ రాత్రికి రాత్రే పోలేదు. దవాఖానాలో ఇచ్చే నిరోధ్‌తోనే మళ్లీ మొదలుపెట్టాం. నా మనసు కుదుటపడేదాకా అలాగే ఉందామన్నది ఆయనే. నేను ఆరు నెలలకు ఒకసారి పరీక్ష చేయించుకుంటూనే ఉన్నాను, ప్రతిసారీ లేదనే వస్తున్నది. భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి ఈ విషయం మాట్లాడే మనిషి ఒకరు ఉండటం మా కాపురాన్ని నిలబెట్టిందని చెప్పడానికి నేను సిగ్గుపడటం లేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఇంట్లో తొమ్మిది మాత్రలు ఉన్నాయి. ఏఆర్‌టీ కేంద్రం నుంచే ఫోను వచ్చింది, మూడు నెలల మందు ఒకేసారి ఇస్తామని. ఆయన ఊపిరితిత్తుల మీద నాకు నమ్మకం లేక నేనే బయలుదేరాను. దారిలో కట్టెలు అడ్డం పెట్టిన చోట కానిస్టేబుల్ ఆపి ఏ మందులు, చీటీ చూపించు అన్నాడు. వెనుక మా వాడకట్టు కుర్రాళ్లు ఇద్దరు పాల ప్యాకెట్లతో నిలబడి ఉన్నారు. నేను గ్రీన్ బుక్ తెరవకుండా, అట్ట మాత్రం కనిపించేలా అతని చేతికి అందించాను. అతను ఒక పేజీ తిప్పి, మూసి, అట్ట కిందికి వచ్చేలా తిప్పి ఇచ్చాడు. "పో అమ్మా, జల్ది తెచ్చుకో" అన్నాడు. ఆ అట్టను కిందికి తిప్పడం నేను మరిచిపోలేదు.

అందరూ అలా ఉండరు. 2022లో మావారికి గిలక (హెర్నియా) బయటపడి ఆపరేషన్ అవసరమైంది. ఒక ప్రైవేటు దవాఖానాలో తేదీ ఇచ్చి, అడ్వాన్సు కట్టించుకుని, మమ్మల్ని అడగకుండా రక్త పరీక్ష చేసి, ఫలితం వచ్చాక కేసు షీటు మీద ఎర్ర సిరాతో పెద్దగా రాసి, ఇక్కడ సౌకర్యం లేదని చెప్పి పంపేశారు. నర్సు ఆ షీటును అందరూ కూర్చున్న చోటే బల్ల మీద పడేసింది. ఆయన చొక్కా తొడుక్కుంటూ, "నడువు" అన్నారు. నాకు నడవాలనిపించలేదు. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో వచ్చి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఉందన్న కారణంతో చికిత్స నిరాకరించకూడదు, ఆ సంగతి బయటపెట్టకూడదు అని అది చెబుతుంది. ఆ మూడూ ఒకే పూటలో జరిగాయి. ఫిర్యాదు చేద్దామని నేను, వద్దని ఆయన. ఫిర్యాదు చేస్తే ఇంకెంతమందికి తెలుస్తుందోనన్నది ఆయన భయం. నేను అడ్వాన్సు వెనక్కి తీసుకునేదాకా మాత్రం అక్కడి నుంచి కదలలేదు. ఆపరేషన్ ప్రభుత్వ దవాఖానాలో మామూలుగా, అందరికీ చేసినట్టే చేశారు. ఇప్పటికీ ఆ ఫిర్యాదు రాయలేదన్న కొరత నాలో ఉంది. అయినా ఆ కాగితం మీద ఉండేది ఆయన పేరు, నాది కాదు. హెచ్‌ఐవీ ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే ఆసరా పింఛను విషయంలోనూ ఇదే జరిగింది. అప్పట్లో ఇచ్చే నెలకు 2,016 రూపాయలు మాకు చిన్న మొత్తమేమీ కాదు, కానీ దరఖాస్తు ఎవరెవరి చేతులు దాటి పోతుందో లెక్కవేసుకుని ఆయన వద్దన్నారు, నేను ఊరుకున్నాను. వేరే ఇళ్లలో తీసుకుంటున్నవారు ఉన్నారు, వారిది వారికి సరైన నిర్ణయమే.

2021 నుంచి మాత్ర మారింది, డోలుటెగ్రావిర్ ఉన్నది ఇస్తున్నారు. తల తిరగడం లేదు, మగ్గం కలలు లేవు, ఏ పూటైనా వేసుకోవచ్చు. గ్యాస్ మందు తాగే అలవాటు ఉంటే మాత్రం దానికి రెండు గంటల ముందే ఈ మాత్ర పడాలన్నారు. ఆయన పొద్దుటి పూటకు మార్చుకున్నారు. నేను బడికి పోయేసరికి గ్లాసు బోర్లించి ఉంటుంది. నెల తేదీలకు ఒక్కరే పోయి వస్తున్నారు. బరువు 66 కిలోలు.

2025 ఉగాదికి మా పెద్ద ఆడబిడ్డ ఇంట్లో భోజనాలు. విస్తళ్లు వేశారు, వదిన వరసగా భక్ష్యాలు వడ్డిస్తూ వచ్చి ఆయన దగ్గరికి రాగానే అలవాటుగా పక్క విస్తరికి జరిగింది. ఆయన తల ఎత్తి, "అక్కా, నాకు షుగర్ లేదు" అన్నారు. నేను చేతిలోని నీళ్ల చెంబు అలాగే పట్టుకున్నాను. ఈ మాట అంటారని ఆయన నాకు ముందుగా చెప్పలేదు. భోజనాలయ్యాక అక్కాతమ్ముళ్లిద్దరూ పెరట్లో చాలాసేపు కూర్చున్నారు. నేను పోలేదు. గిన్నెలు సర్దుతూ వంటింట్లోనే ఉన్నాను. లోపలికి వచ్చినప్పుడు వదిన కళ్లు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి, "ఆరేండ్ల సంది నా తమ్మునికి ఒక్క భక్ష్యం పెట్టనియ్యకపోతివి గదనే!" అని గట్టిగా కోప్పడి, డబ్బాలో మిగిలిన తొమ్మిదీ నెయ్యి వేసి కట్టి, నా చేతికి కాదు, ఆయన చేతికి ఇచ్చింది.